కర్రకి తగ్గ దారం

మా ఇంట్లో నేను జోకేస్తే నవ్వకుండా ఉండాలంటే ఆ మనిషికి జ్వరమన్నా ఉండాలి, నా మీద కోపమన్నా ఉండాలి. మొన్నటేడు మామిడి పూతప్పుడు మా కిట్టుగాడికి రెండూ లేవు. అయినా నవ్వేవాడు కాదు. నాకు భయం పట్టుకుంది అక్కడే.

కిట్టు అంటే కృష్ణకాంత్, మా అన్నయ్య లక్ష్మీనారాయణ కొడుకు. మాది ఆగిరిపల్లి పక్కన. అన్నయ్యకి మోకాళ్ళ నొప్పులొచ్చాక తోట పెత్తనమంతా కిట్టుదే. నేనా? నాకు తొమ్మిదో తరగతిలో చాలా అనుభవం ఉంది, అన్నిసార్లు చదివాను. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం గవర్నమెంటు ఇంకా కనిపెట్టలేదు. అందుకని తోటలోనే ఉండిపోయాను, పనివాళ్ళని నవ్విస్తా, పనిలో పనిగా పని కూడా చేస్తా.

అంతకు ముందటేడు కోతలైపోయాక, వానల్లో కొమ్మలు కత్తిరిస్తూ కిట్టు చెట్టు మీంచి జారి పడ్డాడు. కుడి భుజం పోయింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మాత్రం గుండెల దాకా లేచి అక్కడ ఆగిపోయేది. తువ్వాలు భుజాన వేసుకోవాలన్నా ఎడం చేత్తోనే.

బరువులెత్తనివ్వొద్దని డాక్టరు ఒక్క మాటన్నాడు. ఆ ఒక్క మాట మా ఇంట్లో చెట్టంతైంది. వదిన నీళ్ళ బకెట్టు లాక్కుంది. వాడి పెళ్ళాం సింధూర బండి తాళం బీరువాలో పెట్టి ఆ బీరువా తాళం కొంగుకి కట్టుకుంది. అన్నయ్య తోట సంగతులు వాడికి చెప్పడమే మానేశాడు, విని బెంగపడతాడని. నేనూ తక్కువ తిన్లేదు. వాడు అన్నం తిని కంచం తీసుకెళ్ళబోతే చేతిలోంచి లాక్కుని, మహారాజులా కూర్చోరా, నీ కంచం తోమే భాగ్యం నాకే ఇవ్వు అన్నాను. వాడు కూర్చున్నాడు. అలా కూర్చుని కూర్చుని, చివరికి గదిలో మంచం మీదే ఉండిపోవడం మొదలెట్టాడు.

ఆ ఏడు పూత బాగా వచ్చింది. తోటలోకి పోతే వాసనకి తల తిరిగేది. అప్పుడొచ్చాడు నూజివీడు నుంచి శ్యామ్ సుందర్, మామిడి వ్యాపారి. మా వైపు పూత చూసి తోట మాట్లాడేసుకోవడం మామూలే. కొన్నవాడే మందు కొట్టించుకుని, కాపలా పెట్టుకుని, కాయ కోసుకుపోతాడు. తోటగలాయన అరుగు మీద కూర్చుని తన కాయ పక్కోడి లారీ ఎక్కుతుంటే చూస్తాడు. మా అన్నయ్య పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ అలా ఇవ్వలేదు. ఈసారి శ్యామ్ సుందర్‌ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ఆయన మూడేళ్ళకి రాసుకుందామండీ అన్నాడు. అన్నయ్య కాసేపు చుట్ట వంక చూసుకుని, పిందె కట్టాక చెప్తాలే అన్నాడు.

నేను మెల్లగా గది తలుపు దగ్గరికెళ్ళి చూశాను. కిట్టు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

తోట పోద్దని కాదు నా భయం. తోట మూడేళ్ళకి తిరిగొస్తది. వీడు రాడేమోనని.

నూజివీడులో సుసన్నా అని ఫిజియోథెరపీ ఆవిడ ఉంది. వారం వారం అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆవిడ కిట్టుని గోడ ముందు నిలబెట్టి, వేళ్ళని బల్లిలా పైకి పాకించమనేది. ఎంత ఎత్తుకెళ్ళిందో అక్కడ పెన్సిలు గీత. ఇంట్లో కూడా రోజూ అదే చెయ్యాలి. వాడు చేసేవాడు కాదు. చేసినా గీత దాటేది కాదు. నేనుండి ఒక రోజు ఆ గీత చెరిపేసి కొంచెం కిందగా గీశాను, దాటితే సంబరపడతాడని. మర్నాడు ఇంకొంచెం కింద. నాలుగు రోజులు బాగానే జరిగింది. తర్వాత వాడు గోడ ముందు నిలబడి, ఆ గీతని, దాని పైన చెరిపిన మరకల్ని చూసి వెళ్ళి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

ఆవిడతో ఆ సంగతి చెప్తే నవ్వింది, తర్వాత నవ్వాపింది. ఆ భుజం బిగుసుకుపోయిందండీ, వాడాలి, వాడకపోతే అలాగే ఉండిపోద్ది, ఏదో ఒక వంకతో ఆయనంతట ఆయన చెయ్యి ఊపేలా చూడండి అంది.

ఆ వంక జోజిబాబు పంపాడు. అతనూ కిట్టూ మైలవరంలో కలిసి ఇంజనీరింగు చదివారు. ఇప్పుడు కూర్గు వైపు కాఫీ తోటలో మేనేజరు. కిట్టు మంచంలో పడుకుని ఫోన్లో చూసే వీడియోలన్నీ ఒకటే రకం: ఏదో దేశంలో మోకాలు లోతు ఏట్లో నిలబడి, పొడుగు కర్రతో దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించి చేపలు పట్టే వాళ్ళవి. చిన్నప్పుడు మా తోటలో నీటిగుంట దగ్గర కొరమేనుకి గాలం వేసినవాడే కదా. ఆ మాట నేను జోజిబాబుతో అన్నానో లేదో, అతను తన పాత కర్రొకటి గొట్టంలో పెట్టి కొరియర్ చేశాడు. నాలుగు ముక్కలు, ఒకదాన్లో ఒకటి దూర్చితే మన నిలువున్నరకి తక్కువ లేదు. పిడి పైన ఎనిమిది అని నంబరుంది. దారం చుట్టే చక్రం ఉంది గానీ దారం చివికిపోయింది, కొత్తది మీరే కొనుక్కోండి బాబాయ్ గారూ, కర్ర నంబరే దారానికీ ఉండాలి అన్నాడు.

పెళ్ళికి జాతకాలు కలిపినట్టు కర్రకీ దారానికీ నంబర్లు కలపడమేంట్రా అని నేను నవ్వాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఫోను మధ్యలో పెట్టుకుని అందరం కూర్చున్నాం. దారాలు చాలా ఉన్నాయి. నంబరు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుందని రాసుందని సింధూర చదివి చెప్పింది. అంతే, ఇంకెవరికీ అనుమానం రాలేదు. మామిడి కోసే ఊళ్ళో పుట్టిన వాళ్ళం. చిక్కం కర్ర చివర వల ఎంత చిన్నదైతే చేతికంత సుఖం. భుజం నొప్పన్న కూలీకి తేలిక కర్ర, చిన్న చిక్కం ఇస్తాం, గున్న చెట్లకి పంపిస్తాం. ఈ మాత్రం తెలీదా మాకు. వదిన రెండో నంబరన్నది. అన్నయ్య మరీ తేలికైతే తెగుద్దన్నాడు. చివరికి నాలుగో నంబరు తెప్పించాం. కిట్టు ఏదో అనబోయి, వాళ్ళమ్మ మొహం చూసి ఊరుకున్నాడు.

ఇంటి వెనక ఖాళీ జాగాలో మొదలెట్టాడు. గాలం లేకుండా చివర ఊలు ముక్క కట్టుకుని. వీడియోలో చూస్తే దారం పాములా మెలికలు తిరిగి, పొడుగ్గా సాగి, నీళ్ళ మీద పువ్వులా వాలేది. మావాడిది నెత్తి మీద కుప్పగా పడేది. కర్ర నిట్రాయిలా నిలబడి, దారం ఎటు పోతే నాకేంటన్నట్టు ఉండేది. నేను పక్కన కూర్చుని, మీ నాన్న తలపాగా చుట్టుకున్నట్టుందిరా అంటే వాడికి పౌరుషం వచ్చింది. చూసి నాకు సంతోషమేసింది. ఇంకా గట్టిగా విసిరాడు. ఇంకా గట్టిగా. పళ్ళు బిగించి, భుజంతో తోసి. రెండు వారాలు అలా చేశాడు.

ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. చెయ్యి వణికి కాఫీ బనీను మీద పోసుకున్నాడు. సింధూర తుడుస్తూ ఏడుస్తూ, మొగుణ్ణేమీ అనలేక, కర్రని ముక్కలు ఊడదీసి గొట్టంలో పెట్టి అటకెక్కించింది. కిట్టు వద్దనలేదు. మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఈసారి ఫోను కూడా చూడటం మానేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను తోటలోకి పోయి జోజిబాబుకి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పి, దారం కూడా బాగా తేలికదే తెచ్చాం బాబూ, నాలుగో నంబరు, అయినా ఇలా అయిందేంటి అన్నాను. అతను నంబరు మళ్ళీ చెప్పించుకున్నాడు.

"బాబాయ్ గారూ, ఆ గాలానికి బరువుండదండీ, ఎరగా కట్టేది పురుగులా కనబడే ఈకే కదా. బరువంతా దారానిదే. దారం వెనక్కి సాగి కర్రని వంచాలి. వంగిన కర్ర విసురుద్ది, మనిషి విసరడు. ఎనిమిదో నంబరు కర్రకి నాలుగు కట్టారు. అది వంగదు. దాని పని కూడా వాడి భుజం చేస్తోంది."

బరువు తగ్గించి చెయ్యి విరగ్గొట్టుకుంటున్నామంటే బుర్రకి ఎక్కడానికి కొంచెం టైం పట్టింది.

ఇంటికొచ్చి సింధూరతో చెప్పాను. పాపం ఆ పిల్ల సాంతం వింది. విని, ఎనిమిదంటే ఇంకా బరువే కదండీ చిన్నమావయ్యగారూ, పొద్దున ఆ చెయ్యి ఎలా వణికిందో మీరూ చూశారు అంది. నేను వాదించలేదు. నిజమే, చూశాను. ఆ పిల్ల తప్పని ఎలా అంటాను. జోజిబాబు మాట అబద్ధమైతే ఆ భుజం నేను తెచ్చివ్వగలనా?

సుసన్నాకి ఫోన్ చేశాను. ఆవిడకి నంబర్ల సంగతి తెలీదు. తోపుళ్ళొద్దు, మెల్లగా ఊగడమైతే మంచిదే, నొప్పన్న క్షణం ఆపేయించండి అంది. అదొక్కటి పట్టుకుని జోజిబాబుకి చెప్పాను, ఎనిమిదో నంబరు పంపించు, రంగు మాత్రం మేం కొన్న నాలుగో నంబరు దానిదే ఉండాలి అని. ఎందుకని అడిగితే చెప్పలేదు.

నా జన్మలో ఎన్ని కొంటె పనులు చేశానో లెక్కలేదు. పెళ్ళివారి చెప్పులు మార్చాను, మా అన్నయ్య చుట్టలో మిరపకాయ గింజ పెట్టాను. ఏ పనికీ ముందూ వెనకా చూసుకోలేదు. ఆ దారం చక్రానికి చుడుతున్నప్పుడు మాత్రం రెండుసార్లు ఆపి మళ్ళీ మొదట్నించీ చుట్టాను. సింధూర అన్నయ్యనీ వదిననీ వెంటబెట్టుకుని పుట్టింటివాళ్ళ నోములకి చాట్రాయి వెళ్ళిన రోజు చూసుకుని, అటక మీంచి గొట్టం దించి, పశువుల కొట్టంలో కూర్చుని పాతది విప్పి కొత్తది ఎక్కించాను. రంగు ఒకటే. లావు మాత్రం చేతికి తెలుస్తోంది. పాతది వడియాల సంచి అడుగున దాచాను.

కిట్టుని మంచం మీంచి లేపడానికి ఒక అబద్ధమాడాను. గుంటలో పెద్ద కొరమేను కనబడిందిరా, మన కూలీ పున్నమ్మ మేకపిల్లని మింగేసేలా ఉంది అన్నాను. వాడు నమ్మలేదు. కానీ ఇంట్లో ఎవరూ లేరు, వద్దనేవాళ్ళు లేరు, అందుకేనేమో లేచి వచ్చాడు.

గుంట చుట్టూ చెట్లకి పిందె కట్టింది. గోలీలంత. వాడు కర్ర పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. నేను దూరంగా గట్టు మీద కూర్చుని లుంగీ అంచు మడత పెడుతున్నాను, మళ్ళీ విప్పుతున్నాను. కళ్ళు మాత్రం వాడి భుజం మీదే. మొహం ముడతపడితే చాలు, పరిగెత్తాలి.

దారం కొంచెం వదిలి వెనక్కి లేపాడు. అలవాటైన జోరుతో విసరబోయాడు. కర్ర వంగింది. వంగేసరికి వాడు ఉలిక్కిపడి ఆగాడు, దారం నీళ్ళలో పడింది. మళ్ళీ లేపాడు, ఈసారి మెల్లగా. దారం వెనక చెట్ల మధ్య సన్నగా సాగి, కర్ర చివర నిండుగా వంగింది. వాడు ముందుకి చెయ్యి పెద్దగా కదిపినట్టు కూడా లేదు. దారం వాడి తల మీంచి వెళ్ళి, సాగి, గుంట మధ్యలో చప్పుడు లేకుండా వాలింది.

నేను లుంగీ అంచు వదిలేశాను.

మళ్ళీ వేశాడు. మళ్ళీ. మోచెయ్యి భుజం ఎత్తుకి వెళ్ళింది, వాడు గమనించలేదు. తర్వాత ఆపేసి, దారం దగ్గరికి లాక్కుని వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. నా వైపు తిరిగాడు.

"బాబాయ్. దారం మార్చావు."

"ఎండకి ఉబ్బిందేమోరా."

వాడి మూతి ఓ పక్కకి కదిలింది. అది నవ్వని నేను చెప్పను. ఆ దరిదాపుల్లోది.

"సింధూరకి తెలుసా?"

"తెలిస్తే నన్ను బతకనిస్తదా?"

వాడు దారం మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. కర్ర ఎత్తబోయి ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు.

"చెప్పకు."

అంతే. చేప కాదు కదా, కప్ప కూడా పడలేదు ఆ రోజు. ఇంటికొచ్చేటప్పుడు కర్ర వాడే మోశాడు, నేను అడగలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం తోటలో నీళ్ళు పెట్టడం చూసొస్తామని ఇద్దరం మాయమయ్యేవాళ్ళం. సగం రోజులు బాగుండేది, సగం రోజులు నొప్పని మధ్యలో ఆపేసేవాడు. ఆపిన రోజు రాత్రి నాకు అన్నం సహించేది కాదు. పొద్దున్నే కాఫీ టైముకి వాడి ఎదురుగా కూర్చుని గ్లాసు వంకే చూసేవాణ్ణి. సింధూరకి ఎలా తెలిసిందో తెలిసింది. వడియాలకి చెయ్యి పెట్టిందేమో. నాతో వారం పైన మాట్లాడలేదు. నా మజ్జిగలో ఉప్పెయ్యడం మానేసింది. కానీ బీరువా తీసి బండి తాళం మేకుకి తగిలించింది.

శ్యామ్ సుందర్ మళ్ళీ వచ్చే రోజు నేను పొద్దుట్నించీ గేటు దగ్గరే తచ్చాడాను. ఆయన వచ్చాడు, అరుగు మీద కూర్చున్నాడు, తోట చూసే వచ్చానన్నాడు, పిందె బాగా నిలబడిందన్నాడు. అన్నయ్య తల ఊపుతున్నాడు. మూడేళ్ళ మాట నోటి దాకా వచ్చేసింది. అప్పుడు కిట్టు గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, ఈ ఏడు మనమే కోద్దాం."

అన్నయ్య వాడి మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. మెల్లగానే అన్నాడు.

"ఆ చేత్తో ఏం చేస్తావురా?"

"చేతిలో ఏదన్నా పెడితేగా నాన్నా తెలిసేది."

వదిన వంటింట్లో పోపు వేయడం ఆపేసింది. అన్నయ్య నా వంక చూశాడు. అలాంటప్పుడు నేనేదో ఒకటి అనేసి అందరినీ నవ్వించి గండం దాటిస్తానని ఆయనకి యాభై ఏళ్ళ నమ్మకం. ఈసారి నేను అరుగు కిందున్న చెప్పులు సర్దుతూ కూర్చున్నాను. శ్యామ్ సుందర్ మంచివాడే, కాఫీ తాగేసి, పోనీ వచ్చే ఏడు మాట్లాడుకుందాం లెండి అని తనే లేచాడు. ఆయన్ని గేటు దాకా కిట్టు సాగనంపాడు. అన్నయ్య చుట్ట వెలిగించుకోవడానికి నాలుగు పుల్లలు గీశాడు. కోతలప్పుడు ఆ చెయ్యి మళ్ళీ వణికితే చేతికొచ్చిన కాయ ఎవరు దించుతారో, అప్పుడు వీడి మొహం ఎలా చూడాలో ఆయనకి తెలీదు. నాకూ తెలీదు.

ఎండలు ముదిరాయి. ఒకసారి గాలివాన వచ్చి కొంత కాయ రాలింది. కోతలు మొదలయ్యాయి. తెల్లారకముందే కూలీలు దిగారు, చిక్కాలు చెట్ల మీదికి లేచాయి, తొడిమ తెగినచోట సొన కారి చేతులన్నీ జిగురు. కిట్టు చెట్టెక్కలేదు. ఎక్కలేడు కూడా, చెయ్యి చెవి దాటి పైకి ఇప్పటికీ రాదు. కింద నిలబడి ఏ చెట్టు ముందో ఏది తర్వాతో చెప్తున్నాడు, దెబ్బ తగిలిన కాయని ఏరి పక్కన పెడుతున్నాడు. గొంతు పెరిగింది. నేను కూలీల మధ్య కూర్చుని ఏదో కథ చెప్తున్నాను, వాళ్ళు నవ్వుతున్నారు, వ్యాను దగ్గర నిండిన ట్రేలు అలాగే ఉండిపోయాయి.

"బాబాయ్, నీ కబుర్లు సాయంత్రం చెబుదువుగానీ. లేచి ఇటు పట్టు."

అందరి ముందూ అరిచాడు. వాడు చెట్టు మీంచి పడ్డ వానాకాలం నుంచీ నన్నెవరూ అలా కసరలేదు. లేచి వెళ్ళాను. వాడు అప్పటికే ట్రే ఒక చివర కుడి చేత్తో పట్టుకున్నాడు. రెండో చివర నేను పట్టుకున్నాను. ఎత్తాం. నిండా కాయ, బరువుగా ఉంది. వాడి మెడ నరం ఉబ్బింది, ముంజెయ్యి వణకడం మొదలెట్టింది. వ్యాను ఇంకా నాలుగడుగులుంది. నా చెయ్యి ట్రే కింద నుంచి కొంచెం వాడివైపు జరిపితే సగం బరువు నా మీదికొచ్చేస్తుంది, వాడికి తెలియను కూడా తెలీదు.

వేళ్ళు కదిలాయి కూడా.

మళ్ళీ నా చివరకే బిగించి పట్టుకుని, వాడి మొహం చూడకుండా, వాడి అడుగుకి అడుగేస్తూ నడిచాను.